మూత తీయకుండా ఆగడం: విశాఖ ఉక్కలో అల్లం సోడా

కొత్తగా పులియబెట్టేవాళ్ల సీసా చెడిందంటే ముందు అనుమానించాల్సింది వాళ్ల చేతుల్నే. పొద్దున కలిపి పెడతారు, మధ్యాహ్నానికి మూత తీసి వాసన చూస్తారు. బుడగలు రాలేదని సాయంత్రం ఇంకో చెంచా పంచదార వేస్తారు. అప్పటికీ కదలిక లేకపోతే పడుకునే ముందు బేకరీ ఈస్టు చిటికెడు చల్లుతారు. మర్నాటికి వేసినవన్నీ ఒకేసారి పని మొదలుపెడతాయి. మూత తీస్తే సగం నేల మీద, సగం గోడ మీద.

ఇంట్లో బీరు కాచుకునే దేశాల్లో కొత్తవాళ్లకి చెప్పే మొదటి పాఠం కూడా ఇదే: రెండు వారాలు డబ్బా జోలికి పోవద్దు, సీసాల్లో నింపాక ఇంకో రెండు వారాలు ఆగు. మన దగ్గర ఆ పాఠం బీరుతో నేర్చుకోవడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం నేరం. దానికి దగ్గరి చుట్టం అల్లం సోడా. ఇందులోనూ ఈస్టు చేసే పని అదే, పుట్టే గ్యాస్ అదే, సీసా పేలే ప్రమాదమూ అదే. కాకపోతే నెల పట్టే పాఠం వారం పది రోజుల్లో వచ్చేస్తుంది, గ్యాస్ పట్టగానే ఫ్రిజ్‌లో పెట్టి ఆపేస్తాం.

రాసిన రోజులు ఇక్కడ కుదరవు

ఎక్కడ చదివినా అల్లం నీళ్లలో ఈస్టు పెంచే తోడుకి వారం, ఆ తోడు కలిపిన సోడాకి సీసాలో గ్యాస్ పట్టడానికి మూడు నాలుగు రోజులు అని ఉంటుంది. ఆ లెక్క 20 డిగ్రీల గదికి. విశాఖలో మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీలు, రాత్రి కూడా 27, 28కి తగ్గదు. జనవరి తెల్లవారుజామున 18, 19 ఉంటుంది. ఒకే జాడీ మే నెలలో మూడు రోజులకి తయారైతే జనవరిలో ఆరేడు రోజులు తీసుకుంటుంది. దోసెల పిండి సంగతి తెలిసిందే కదా: ఎండాకాలం రాత్రి రుబ్బితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది, సంక్రాంతి రోజుల్లో మధ్యాహ్నం దాకా లేవదు. పిండిని చూసి దోసె పోస్తాం గానీ క్యాలెండరు చూసి పోయం. ఇక్కడా అంతే. చలికాలంలో ఓపికంటే కదపకుండా ఉండటం. ఎండాకాలంలో మాత్రం సరైన గంటకి లేచి ఆపేయడం. రేపు చూద్దాంలే అంటే రేపటికి చేయి దాటిపోతుంది.

పులియడానికి హాయైన వేడి 24 నుంచి 28 డిగ్రీలు. 32 దాటితే పులుపు బ్యాక్టీరియా దూకుడుగా పెరుగుతుంది, సోడా గొంతు పట్టేలా తయారవుతుంది. జాడీకి తడిగుడ్డ చుట్టమని కొందరు చెబుతారు. అనంతపురంలో అది పనిచేస్తుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, గుడ్డలోని నీరు ఆరదు, ఆరకపోతే చల్లబడదు. ఇక్కడ పనికొచ్చేది థర్మోకోల్ పెట్టె. చేపలు ప్యాక్ చేసేలాంటిదే, కానీ కొత్తది కొనండి. వాడిన పెట్టె వాసన ఎన్నిసార్లు కడిగినా పోదు. అందులో జాడీ పెట్టి, పక్కన గడ్డకట్టించిన లీటరు నీళ్ల సీసా ఒకటి ఉంచి, పొద్దునా సాయంత్రం మార్చండి. లోపల చిన్న థర్మామీటరు ఉంటే ఊహించే పని ఉండదు. పెట్టె లేకపోతే లోపలి గదిలో నేల మీద పెట్టండి. ఫ్రిజ్ నెత్తిన, పొయ్యి పక్కన, కిటికీ ఎండలో వద్దు.

ముందు తోడు

పాలకి తోడు ఎలాగో దీనికి అల్లం తోడు అలాగ. అల్లం తొక్క మీద సహజంగా ఉండే ఈస్టుని, లాక్టిక్ బ్యాక్టీరియాని తిండిపెట్టి పెంచుతాం. అందుకే తొక్క తీయకూడదు. రైతుబజారులో మెరిసేలా కడిగి పేర్చిన లావుపాటి అల్లం వదిలేయండి. మట్టి అంటుకుని, నారెక్కువగా ఉండే సన్నకొమ్ముల అల్లం, పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చేలాంటిది, తీసుకోండి. కుళాయి కింద చేత్తో రుద్దితే చాలు. బ్రష్‌తో తోమినా, వేడినీళ్లు పోసినా మనకి కావలసిన జీవాలే ముందు పోతాయి.

నీళ్లలో క్లోరిన్ ఉండకూడదు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లయితే వెడల్పాటి గిన్నెలో పావుగంట మరిగించి పూర్తిగా చల్లార్చండి. క్యాన్ నీళ్లు నేరుగా వాడొచ్చు. బీచ్ వైపు వీధుల్లో బోరు నీళ్లు నాలుక్కి ఉప్పగా తగిలితే వాటిని ముట్టుకోవద్దు. జాడీ గాజుదే కావాలి, లీటరుది. గరిటె స్టీలుదైనా చెక్కదైనా ఫర్వాలేదు. ఇత్తడి, రాగి, అల్యూమినియం పనికిరావు, పులుపు వాటిని తినేస్తుంది.

మొదటి రోజు: అర లీటరు నీళ్లు, తొక్కతో సన్నగా తురిమిన అల్లం 25 గ్రాములు, పంచదార 25 గ్రాములు. కరిగేదాకా కలిపి, పలచటి గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేయండి. చీమలు పట్టకుండా జాడీని నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి. రెండో రోజు నుంచి రోజుకి ఒక్కసారి, ఒకే వేళకి, తురిమిన అల్లం 10 గ్రాములు, పంచదార 10 గ్రాములు. పొద్దునా సాయంత్రం ఒకసారి కలపండి. అంతకుమించి ఏమీ చేయొద్దు.

చేతులు ఊరుకోనిది సరిగ్గా ఇక్కడే. మొదటి రోజంతా, చలికాలంలో రెండో రోజు కూడా, నీళ్లు నీళ్లలాగే కనపడతాయి. ఆ గంటల్లో ఈస్టు తన సంఖ్య పెంచుకునే పనిలో ఉంటుంది. ఒకటి రెండవడం, రెండు నాలుగవడం కంటికి తెలియదు. లక్షలు కోట్లయ్యాకే బుడగ కనపడుతుంది. అప్పుడు పంచదార పెంచితే లాభం లేదు. కొరత తిండికి కాదు, తినేవాళ్లకి. బేకరీ ఈస్టు వేస్తే బుడగలు వచ్చేస్తాయి నిజమే, అయితే సోడా బన్ను వాసన కొడుతుంది, సీసాలో గ్యాస్ లెక్క అంతా తప్పుతుంది. ఆవకాయ కలిపి మూడో నాడు తిరగేసేదాకా జాడీ జోలికి పోని ఇల్లయితే ఈ రెండు రోజులూ గడపడం పెద్ద కష్టం కాదు.

తయారైందని చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. కలిపితే సుయ్‌మని చప్పుడొస్తుంది, తురుమంతా పైకి తేలుతుంది, అల్లం ఘాటుతో పాటు లేత కల్లు వాసన తగులుతుంది. అయినా నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష చేయండి. 100 మిల్లీలీటర్ల తోడు వడకట్టి, చెంచా పంచదార కలిపి, చిన్న ప్లాస్టిక్ సోడా సీసాలో పోసి బిగించండి. మామూలు గది వేడిలో 12 గంటలకి సీసా నొక్కుపడనంత గట్టిగా అయితే తోడు సిద్ధం. మెత్తగానే ఉంటే ఇంకో రెండు రోజులు పోషించి మళ్లీ చూడండి. ఎండాకాలం అయిదో రోజు దాటినా, చలికాలం పదో రోజు దాటినా కదలిక లేకపోతే అల్లందే తప్పు. వేరే కొట్టులో అల్లం కొని మళ్లీ మొదలుపెట్టడమే, పాతదాన్ని బతికించాలని చూడొద్దు.

పైన తెల్లగా, పలచగా, ముడతల పొర కడితే అది గాలి ఈస్టు. హాని చేయదు, రుచి పాడుచేస్తుంది. చెంచాతో తీసేసి ఇంకాస్త తరచుగా కలపండి. నూగుతో పచ్చగానో నల్లగానో గులాబీ రంగులోనో కనపడితే అది బూజు. పైపైన తీసి వాడుకోవడం కుదరదు, మొత్తం పారబోయాలి. నెయిల్‌పాలిష్ వాసన వచ్చినా అంతే. ద్రవం జిగురుగా తీగలు సాగితే కొన్ని రకాల బ్యాక్టీరియా పంచదారని బంకగా మారుస్తోందన్నమాట. పాతవాళ్లు దాన్ని మళ్లీ దారికి తెచ్చుకోగలరు, కొత్తవాళ్లు పారబోసి మొదలుపెట్టడమే తేలిక.

కాచడం

రెండు లీటర్లకి: తురిమిన అల్లం 80 గ్రాములు, పంచదార 150 గ్రాములు, మధ్యరకం నిమ్మకాయలు రెండు, ఉప్పు చిటికెడు, తోడు 100 మిల్లీలీటర్లు. లీటరు నీళ్లలో అల్లం, పంచదార వేసి పది నిమిషాలు సన్నసెగ మీద మరిగించి, దించి మూతపెట్టి ఇరవై నిమిషాలు ఊరనివ్వండి. వడకట్టి, మరిగించి చల్లార్చిన నీళ్లు 900 మిల్లీలీటర్లు పోయండి. నిమ్మరసం, ఉప్పు చల్లారాక కలపాలి. నిమ్మరసం రుచికి మాత్రమే అనుకోకండి, మొదటి నుంచీ పులుపు ఉంటే చెడు బ్యాక్టీరియాకి చోటుండదు.

అనకాపల్లి పక్కనే ఉండగా బెల్లం ఎందుకు వేయకూడదని అడిగేవాళ్లుంటారు. వేయొచ్చు, పంచదారలో సగం దాకా. మరీ తెల్లగా, పసుపుగా మెరిసే బెల్లం వద్దు. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే తెల్లబరిచే రసాయనం వేస్తారు, అందులోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ ఈస్టుని మందగించేలా చేస్తుంది. ముదురు బెల్లం కరిగించి వడకట్టండి. అయితే మొదటి మూడుసార్లు పంచదారే వాడండి. బెల్లం ఒక్కో అచ్చు ఒక్కోలా ఉంటుంది, ఏది ఎందుకు మారిందో కొత్తవాళ్లకి అంతుపట్టదు.

తోడు కలిపే ముందు కాచినది 30 డిగ్రీల దగ్గరికి దిగాలి. గిన్నె దానంతటది చల్లారడానికి ఎండాకాలంలో మూడు నాలుగు గంటలు పడుతుంది. తొందరైతే గిన్నెని బకెట్ నీళ్లలో పెట్టి నీళ్లు రెండుసార్లు మార్చండి. పాలకి తోడు వేసే గోరువెచ్చన కూడా దీనికి ఎక్కువే. వేలు పెడితే వెచ్చన అనిపించకూడదు. 40 దాటిన ద్రవంలో పోస్తే వారం పెంచిన తోడు అక్కడే కుదేలవుతుంది. తర్వాత ఎన్నాళ్లు చూసినా గ్యాస్ రాకపోవచ్చు, ఎందుకు రాలేదో కూడా తెలియదు. తోడు వడకట్టి పోసి, గుడ్డ కప్పి, ఎండాకాలం 8 నుంచి 12 గంటలు, చలికాలం 24 గంటలు ఉంచండి. అంచుల వెంట సన్నటి నురగ కడితే సీసాకి వేళైంది.

సీసా

బీరు కాచేవాళ్లు లెక్కలు వేసి మరీ భయపడేది సీసా దగ్గరే. లీటరు సోడాకి చక్కటి బుస రావాలంటే పులియాల్సిన పంచదార దాదాపు 10 గ్రాములు. మనం వేసింది లీటరుకి 75 గ్రాములు, మిగతాది తీపికి. ఈస్టుకి మన ఉద్దేశం తెలియదు, ఆపకపోతే మొత్తం తింటుంది. ప్రతి గ్రాము పంచదార నుంచీ అర గ్రాముకి కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 75 గ్రాములూ పులిస్తే వచ్చే గ్యాస్ కొట్లో కొనే కూల్‌డ్రింకులో ఉండేదానికి నాలుగు రెట్ల పైనే. ఏ సీసా అయినా అక్కడిదాకా ఓర్చుకోదు.

అందువల్ల గాజు సీసాల జోలికి ఏడాది దాకా పోకండి. ప్లాస్టిక్ సోడా సీసాలు, 500 లేదా 750 మిల్లీలీటర్లవి, మూత బిగువుగా ఉన్నవి తీసుకోండి. ఇవి ఉబ్బి, గట్టిపడి, మనకి ముందుగా చెబుతాయి. గాజు ముక్కలయ్యేదాకా చెప్పదు. నీళ్ల సీసాలు వద్దు, అవి పలచన, ఒత్తిడికి చేసినవి కావు. గోలీసోడా సీసా అందంగా ఉంటుంది గానీ ఇంట్లో పనిచేయదు: గోలీ పైకి తన్ని మూతపడాలంటే నింపేటప్పుడే గ్యాస్ ఒత్తిడి ఉండాలి, మనకి ఆ గ్యాస్ తర్వాత పుడుతుంది. ప్లాస్టిక్ సీసాల్ని మరిగే నీళ్లతో కడిగితే ముడుచుకుపోతాయి. చేయి పట్టగలిగినంత వేడి నీళ్లు, సబ్బు, తర్వాత మూడుసార్లు మంచినీళ్లు, బోర్లించి పూర్తిగా ఆరబెట్టడం. మూత లోపలి మరల్లో పాత సోడా జిగురు లేకుండా చూడండి.

మెడ దగ్గర మూడు వేళ్ల ఖాళీ వదిలి నింపండి. సీసా పక్కలు నొక్కి ద్రవం పైకి తెచ్చి మూత బిగిస్తే పక్కలు కాస్త లోపలికి నొక్కుకుని ఉంటాయి. గ్యాస్ పుట్టేకొద్దీ అవే పైకి వస్తాయి. తేదీ, గంట, గది వేడి మూత మీద టేపు అంటించి రాయండి.

ఇక ఆగలేనివాళ్ల కోసం ఒక ఉపాయం. రెండు లీటర్లలోంచి 800 మిల్లీలీటర్లు తీసి 200 మిల్లీలీటర్ల చిన్న సోడా సీసాలు నాలుగు నింపండి. ఇవి తెరవడానికే. ఎండాకాలం 8 గంటలకొకటి, చలికాలం 24 గంటలకొకటి ఫ్రిజ్‌లోకి మార్చి, బాగా చల్లబడ్డాక తెరిచి, గ్యాస్ ఎంత, తీపి ఎంత, పులుపు ఎంత అని నోటు పుస్తకంలో ఒక్కో ముక్క రాయండి. పెద్ద సీసాల మూత ఎవరూ ముట్టుకోరు, ఆత్రమూ తీరుతుంది. ఏ గంటకి ఏం జరుగుతోందో నాలుకకి తెలుస్తుంది కూడా. రెండుసార్లు ఇలా చేసినవాళ్లు మూడోసారి వేలితో నొక్కి చెప్పేస్తారు.

నొక్కుడు పరీక్ష రోజుకి మూడుసార్లు చేయండి. కొత్తగా కొన్న, తెరవని సోడా సీసా ఒకటి పక్కన ఉంచుకుని దాన్నీ నొక్కి చూడండి, గట్టిదనానికి కొలబద్ద అదే. మే నెల ఉక్కలో 12 నుంచి 18 గంటలకే ఆ గట్టిదనం రావచ్చు, జనవరిలో రెండు మూడు రోజులు. వచ్చిన వెంటనే అన్నీ ఫ్రిజ్‌లోకి. సీసా అడుగు గుండ్రంగా బయటికి తన్నుకొచ్చి నిలబడనంటే వేళ మించిపోయిందని అర్థం. అప్పుడు మొహానికి దూరంగా, సింకులో, గుడ్డ కప్పి, మూతని కొద్దికొద్దిగా వదులు చేస్తూ గ్యాస్ వదలండి.

ఫ్రిజ్‌లో పెట్టిన గంటకే తెరవాలనిపిస్తుంది. ఒక రోజు పూర్తిగా ఆగండి. దీనికి కారణం ఉంది: గ్యాస్ చల్లటి నీటిలో బాగా కరుగుతుంది, వెచ్చటి నీటిలో అంతగా కరగదు. సీసాలో అదే గ్యాస్ 5 డిగ్రీల దగ్గర కలిగించే ఒత్తిడికి 30 డిగ్రీల దగ్గర రెండు రెట్ల పైనే కలిగిస్తుంది. పైన ఖాళీలో ఉన్న గ్యాస్ నెమ్మదిగా కిందికి కరగడానికి టైము కావాలి. ముందే తెరిస్తే ఫౌంటెన్, ఆ తర్వాత గ్లాసులో చప్పటి అల్లం నీళ్లు. అడుగున తెల్లటి మడ్డి ఈస్టుదే, సీసా ఊపకుండా ఒంపితే అక్కడే ఉండిపోతుంది.

ఇంకో మాట దాచకూడదు. గ్యాస్ పుట్టిందంటే దాదాపు అంతే బరువు ఆల్కహాలూ పుట్టినట్టు. వేళకి ఆపిన సోడాలో అది సుమారు అర శాతం నుంచి ఒక శాతం మధ్య ఉంటుంది. ఆపకుండా మొత్తం పులియనిస్తే లెక్క ప్రకారం అయిదు శాతం దగ్గరికి, అంటే బీరు దగ్గరికే పోతుంది. ఓపిక మరీ ఎక్కువైనా తప్పే అన్నమాట. పిల్లలకి, గర్భిణులకి, మందు మానుకున్నవాళ్లకి ఇది పోయొద్దు, అమ్మకానికి అసలే వద్దు. ఫ్రిజ్‌లో కూడా పులియడం మెల్లగా సాగుతూనే ఉంటుంది, వారంలో తాగేయండి.

తప్పు ఎక్కడ జరిగింది?

గ్యాస్ రాలేదు, తీపి మాత్రం అలాగే ఉంది: మూత కారుతోంది, లేదా తోడు వేడిలో చచ్చింది. సీసాని నీళ్లలో ముంచి నొక్కితే కారే చోట బుడగ కనపడుతుంది. గ్యాస్ రాలేదు, తీపి తగ్గి పులుపు పెరిగింది: ఈస్టు కన్నా బ్యాక్టీరియా గెలిచింది, గది వేడి తగ్గించండి, తోడుని రెండు రోజులు చల్లటి చోట పోషించండి. కుళ్లిన గుడ్డు వాసన: ఈస్టు ఇబ్బందిలో ఉంది, తోడులో అయితే ఒకటి రెండు పోషణలకి పోతుంది. అల్లం ఘాటు చాలలేదు: ఈసారి 100 గ్రాములు వేయండి, ఎక్కువసేపు మరిగించవద్దు.

మార్చేటప్పుడు ఒక్కటే మార్చండి. అల్లం పెంచి, పంచదార తగ్గించి, చోటు కూడా మార్చి చూసి, బాగుంది అంటే ఏది బాగుచేసిందో ఎవరు చెప్పగలరు? ఒకే కొలతతో మూడుసార్లు చేశాకే నాలుగోసారి ప్రయోగం.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కొవ్వొత్తులతో పాటు ఫ్రిజ్‌లోని సీసాలనీ గుర్తుంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్ ఆగితే నిద్రపోతున్న ఈస్టు లేస్తుంది, మూసిన సీసాలో పని మొదలుపెడుతుంది. గాలులు మొదలవకముందే తాగేయండి, లేదా మూతలు వదులు చేసి పెట్టండి.

తోడు వాడిన ప్రతిసారీ తీసినంత నీళ్లు, 10 గ్రాముల అల్లం, 10 గ్రాముల పంచదార తిరిగి వేయండి. జాడీలో తురుము సగానికి పేరుకుంటే పాతది కొంత తీసేయండి. ఊరెళ్తుంటే వదులు మూతతో ఫ్రిజ్‌లో పెట్టి వారానికోసారి అదే కొలత తిండి వేస్తే నెలల తరబడి ఉంటుంది. మళ్లీ కాచాలనుకున్న ముందు రోజు రాత్రి బయటపెట్టి, తిండి వేసి, పొద్దున నురగ కనపడ్డాకే పొయ్యి వెలిగించండి.